ఎర్ర డబ్బా, నల్ల డబ్బా, ఆయన

ఆయన పోయాడని పొద్దున్నే ఫోన్లో చూశాను. చూసి, పాలు పొంగకుండా స్టవ్ కట్టేసి, కాఫీ కలుపుకుని తాగాను. కన్నీళ్ళేం రాలేదు. అబద్ధమెందుకు, కాఫీ రోజుకన్నా బాగుందనిపించింది.

ఫోన్లో మాకో గ్రూపు ఉంది. చిన్నప్పుడు సినిమాల్లో పిల్లల పాత్రలకి గొంతులిచ్చిన వాళ్ళమంతా అందులో ఉన్నాం. అందరికీ నలభై దాటాయి, సగం మందికి బట్టతలలు, అయినా గ్రూపు పేరు మాత్రం ‘చిన్ని గొంతులు’. పది గంటలకల్లా అందులో వరద పారింది. ‘గురువుగారికి కన్నీటి నివాళి.’ ‘మా బాల్యాన్ని తీర్చిదిద్దిన దేవుడు.’ దేవుడట! ఆ తర్వాత ఎవరో ఒక ఫోటో పెట్టారు. ఆయనది కాదు. పాత వీడియో గేమ్ డబ్బాలు రెండు, పక్కపక్కనే, వాటికో బంతిపూల దండ. ఒకటి ఎరుపూ తెలుపూ కలిసిన డబ్బా, ఇంకోటి నల్లది. దాని కింద అందరూ ఒకటే గుండె బొమ్మలు. ‘ఆ రోజులే వేరు, మళ్ళీ రావు’ అని ఒకాయన రాశాడు.

రాకూడదు కూడా. ఆ రెండు డబ్బాలున్న గదిలో నేను అయిదేళ్ళు పెరిగాను. ఆ గది ఎలాంటిదో నాకు తెలుసు, దానికి యజమాని ఎలాంటివాడో ఇంకా బాగా తెలుసు. పోయినవాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదని మా అమ్మ అనేది. అమ్మ కూడా లేదు కాబట్టి ఇప్పుడు నన్ను ఆపేవాళ్ళు లేరు.

ఆయన పేరు రాయను. రాస్తే ఆ గ్రూపులో ఇంకో దండ పడుతుంది. డబ్బింగ్ ఇన్‌ఛార్జి. అంటే సినిమా తీశాక తెర మీద పెదాలకి గొంతు కలిపించే మనిషి. ఏ పాత్రకి ఏ గొంతో ఎంచేది ఆయనే, మైకు ముందు నిలబెట్టి మాట పలికించేదీ ఆయనే. పిల్లల గొంతులకి ఆ రోజుల్లో ఫిలింనగర్‌లో ఆయన్ని మించినవాడు లేడు. పొట్టి మనిషి. తెల్ల చొక్కా, తెల్ల బూట్లు. ఎవరేం మాట్లాడినా కళ్ళు మూసుకుని, ఎడమ చెవికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని వినేవాడు. ‘నమస్తే సార్’ అన్నా అంతే. మన మొహం చూసేవాడు కాదు, గొంతులో ఏముందో వెతికేవాడు. దొంగతనం చేసి దొరికినట్టుండేది ఆయన ముందు నిలబడితే.

బుగ్గన ఎప్పుడూ అతిమధురం వేరు ముక్క ఒకటి ఉండేది. గొంతుకి మంచిదని నములుతూనే ఉండేవాడు. మేం బాగా ఏడిస్తే మాకూ ఓ ముక్క విరిచి పెట్టేవాడు. నవ్వితే ఇవ్వడు, పాడితే ఇవ్వడు, ఏడిస్తేనే. ఇప్పటికీ ఆయుర్వేదం కొట్టు ముందు ఆ వాసన తగిలితే రోడ్డు దాటి అవతలి వైపుకి వెళ్ళిపోతాను.

“పెదాలు కలిస్తే చాలదర్రా, కడుపు కలవాలి” అనేవాడు. “మైకు దేవుడితో సమానం. దాని ముందు ఏడుపు నటిస్తే కళ్ళు పోతాయి.”

ఎవరి కళ్ళూ పోలేదు గానీ, చాలామంది పిల్లలకి ఆదివారాలు పోయాయి. ఆయన పిలిచేది ఎక్కువగా ఆదివారమే. మేం మధురానగర్‌లో ఉండేవాళ్ళం. నేనూ, నాకన్నా మూడేళ్ళు చిన్నవాడు మా తమ్ముడు సామూ. సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టి గట్టిగా చదివేవాళ్ళం, అందుకని మా ఇద్దరి ఉచ్చారణా బాగుంటుందని ఎవరో ఆయనకి చెప్పారు. అంతే, అక్కణ్ణించి ఆరాధనకి వెళ్ళడం తగ్గిపోయింది. బందరులో ఉన్నన్నాళ్ళూ ఒక్క ఆదివారం తప్పని మా అమ్మ, మమ్మల్ని బస్సులో చెక్‌పోస్టు దాకా తీసుకొచ్చి, అక్కణ్ణించి ఎండలో ఫిలింనగర్ దాకా నడిపించేది. చర్చిలో పాస్టరుగారు అడిగితే తలదించుకునేది. ఇంటికొచ్చి మాతో మాత్రం, “దేవుడైతే అర్థం చేసుకుంటాడు. ఆయన చేసుకోడు” అనేది.

ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడు బండరాళ్ళుండేవి. ఆ రాళ్ళ మధ్య ఒక ఇంటి కింది అంతస్తులో ఆ డబ్బింగ్ థియేటరు. దానికి ముందు పిల్లలు కూర్చునే గది. ఆ గదిలో రెండు టీవీలు, రెండు వీడియో గేములు. ఆ కాలంలో ఇంట్లో ఒక్క వీడియో గేమ్ ఉన్నవాణ్ణే వీధంతా జమీందారులా చూసేది. అలాంటిది రెండు! మొదటిసారి చూసినప్పుడు సామూ చెప్పులు విడవడం కూడా మర్చిపోయాడు.

గుమ్మం పక్కన చిన్న టీవీకి ఎర్ర డబ్బా. దాని క్యాసెట్ మీద తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలని రాసి ఉండేది. లోపల ఉన్నవి ఆరే. ట్యాంకులది, బాతుల్ని కాల్చేది, మోటారు సైకిళ్ళది, ఇంకో మూడు. పెట్టగానే పని చేసేది కాదు. బయటికి తీసి, ఉఫ్‌మని ఊది, మళ్ళీ దూర్చాలి. అందరి ఎంగిలీ అందులోనే. గదికి ఆ చివర సోఫా ముందు పెద్ద టీవీకి నల్ల డబ్బా. ఎవరో హీరోగారి మనిషి సింగపూరు నుంచి తెచ్చి ఇచ్చాడట. అందులో బొమ్మలకి నీడలుండేవి, కత్తి తిప్పితే గాలి చప్పుడొచ్చేది.

ఏది ఎవరు ఆడాలో మా ఇష్టం కాదు. గుంపులో కేకలకి గొంతులిచ్చే పిల్లలకి ఎర్రది. పేరున్న పాత్రకి గొంతిచ్చే వాళ్ళకి నల్లది. అది ఆయన చట్టం. ఎర్ర డబ్బా దగ్గర పన్నెండు మంది ఒకరి మీద ఒకరు పడి ఆడుకుంటుంటే, నల్ల డబ్బా దగ్గర ఇద్దరం బిగుసుకుని కూర్చునేవాళ్ళం. వాళ్ళు మా వైపు చూసి పళ్ళు నూరేవాళ్ళు. మేం వాళ్ళ వైపు చూసేవాళ్ళమే కాదు. కిందటి వారం దాకా కలిసి ఉప్పు జామకాయ తిన్నవాళ్ళం, డబ్బా మారగానే పలకరింపులు మానేసేవాళ్ళం. వరండాలో అమ్మలు కూడా విడివిడిగా కూర్చునేవారు. “మీ వాడింకా ఎర్ర దాని దగ్గరే ఉన్నాడాండీ?” అని ఒకావిడ అడిగితే, ఇంకొకావిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తీస్తూ మెటికలు విరిచేది. ఇదీ అందరూ ఇప్పుడు గుండె బొమ్మలు పెట్టి తల్చుకుంటున్న బాల్యం.

ఎర్ర డబ్బా దగ్గర పన్నెండేళ్ళు వచ్చేదాకా కూర్చున్నవాడు యాదగిరి. బోరబండ నుంచి వచ్చేవాడు. వాడి గొంతు మా అందరికన్నా గట్టిది, గుంపులో అరిస్తే విడిగా తెలిసేది. నల్ల డబ్బా ఆడనివ్వమని ఓసారి అడిగాడు. ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళు మూసుకుని, “ఆ ‘గిట్ల గట్ల’ మానేసి రా, అప్పుడు చూద్దాం” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆయన కూడా ఆడేవాడు, అదో పెద్ద నాటకం. షూటింగ్ వాళ్ళు రీళ్ళు తేవడం ఆలస్యమైతే వచ్చి మా మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. ట్యాంకుల ఆటలో ఒక్కటంటే ఒక్క గోడ దాటడం చేతకాదు. ఓడిపోగానే, “నా రిమోటు పని చెయ్యట్లేదర్రా, ఇటివ్వు నీది” అని మా చేతిలోది లాక్కునేవాడు. అదీ పని చేసేది కాదు. జాయ్‌స్టిక్కుని మేం రిమోటనేవాళ్ళం, ఆయనకీ అదే అలవాటైంది. ఆయన్ని ఓడించిన పిల్లాడికి తర్వాతి వారం పిలుపు వచ్చేది కాదు. ఇది ఎవరూ చెప్పలేదు, రెండు మూడుసార్లు జరిగాక అమ్మలే కనిపెట్టారు. అప్పట్నుంచి లోపలికి పంపే ముందు మా అమ్మ సామూ చొక్కా సర్దుతూ, “ఆయనతో ఆడితే ఓడిపో నాన్నా” అని చెప్పేది. ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఓడిపోవడం నేర్పిన ఘనత కూడా ఆయనదే.

ఆ డబ్బాలు ఊరికే పెట్టలేదాయన. పిల్లలంటే ప్రేమతో అసలే కాదు. ఏడుపు సీను వచ్చిందంటే, దానికి గొంతివ్వాల్సిన పిల్లాణ్ణి ముందు ఆటలో కూర్చోబెట్టేవాడు. ఆడనిచ్చేవాడు, పక్కన నిలబడి “శభాష్, ఇంకొంచెం, ఇంకొంచెం” అని ఎగదోసేవాడు. లోపల తెర మీద సీను సిద్ధమవ్వాలి, ఇక్కడ వాడు ఆట చివరికి రావాలి. సరిగ్గా అప్పుడు కాలితో ప్లగ్గు పీకేవాడు. “అయ్యో, కరెంటు పోయిందిరా!” నెత్తి మీద ఫ్యాను గిరగిరా తిరుగుతూనే ఉండేది. పిల్లాడు గొల్లుమనేవాడు. ఆ ఏడుపు ఆరకముందే చంకనెత్తుకుని మైకు దగ్గరికి పరుగు. సినిమాలో చచ్చిపోయిన అమ్మ కోసమో, అమ్ముడుపోయిన ఆవు కోసమో జనం విన్న ఏడుపులన్నీ నిజానికి ఆగిపోయిన మోటారు సైకిళ్ళ కోసం.

మీకు తెలిసి కూడా ఎలా మోసపోయారని మా ఆయన అడుగుతాడు. ఆటలో ఉన్నప్పుడు ప్లగ్గు గుర్తుంటుందా? ఉండదు. అయితే సామూ మాత్రం తొందరగా గట్టిపడ్డాడు. రెండుసార్లు ఏడ్చాడు. మూడోసారి ఆయన ప్లగ్గు పీకితే, రిమోటు కింద పెట్టి, ఆయన వంక గుడ్లు ఉరిమి చూసి, “మళ్ళీ పెట్టండి సార్, మొదట్నుంచి ఆడతా” అన్నాడు. ఆ రోజు ఏడుపు రాలేదు. ఆయన ఇంకో పిల్లాణ్ణి పిలిపించుకోవాల్సి వచ్చింది.

సరిగ్గా అలాంటప్పుడే ఒక పెద్ద సినిమా వచ్చింది. తల్లి శవం పక్కన కూర్చుని ఆమెని లేపే పిల్లాడి పాత్ర. తెర మీద నటించిన పిల్లాడి మొహానికి సామూ గొంతు అతికినట్టుంది. వాడే కావాలని దర్శకుడు పట్టుబట్టాడు. మూడు రోజులు వరసగా స్కూలు మానిపించి తీసుకెళ్ళాం. ఆ మూడు రోజులూ సామూకి నల్ల డబ్బా ఒక్కడికే ఇచ్చేశాడాయన. కత్తివీరుడు కోటలు దాటుకుంటూ వెళ్ళే ఆట. అందులో ఆగినచోట నుంచి మళ్ళీ మొదలుపెట్టడం అనేది లేదు, డబ్బా కట్టేస్తే అంతా పోతుంది. అందుకని సాయంత్రం టీవీ ఒక్కటే కట్టి డబ్బా అలాగే వదిలేసేవాళ్ళు. ‘ముట్టుకోవద్దు’ అని అట్టముక్క మీద రాసి పెట్టింది సామూయే. వాడి జీవితంలో అంత దూరం ఎప్పుడూ వెళ్ళలేదు. బస్సులో కూడా వేళ్ళు కదుపుతూనే ఉండేవాడు. “అక్కా, ఇంకొక్క కోటే” అనేవాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఆయన నన్ను మంచినీళ్ళ కుండ దగ్గరికి పిలిచాడు.

“ఇటు రామ్మా. మీవాడు ఆఖరి కోటలో ఉన్నాడు. లోపల సీను సిద్ధంగా ఉంది.”

“అయితే?” అన్నాను.

“నేను పీకితే వాడికి కోపం వస్తోంది. ఏడుపు కావాలి నాకు. నువ్వు పీకు.”

“ఏడుస్తాడు సార్.”

“ఏడవాలనేగా!” బుగ్గలో వేరు ముక్క ఇటునుంచి అటు మార్చాడు. తర్వాత గోడ వైపు చూస్తూ, ఎవరితోనో చెబుతున్నట్టు, “వచ్చే నెల సినిమాలో హీరోయిన్ చిన్నప్పటి గొంతు ఒకటుంది. చాలా పెద్ద పాత్ర. ఎవరికివ్వాలో ఇంకా అనుకోలేదు” అన్నాడు.

పదకొండేళ్ళ పిల్లకి ఏం తెలుస్తుందిలే అని మీరనొచ్చు. తెలుసు. నాకు బాగానే తెలుసు. ఆ పాత్ర నాకు కావాలి. స్కూల్లో అందరికీ చెప్పుకోవాలి. అమ్మ వరండాలో తలెత్తుకుని కూర్చోవాలి. నేను సరేనన్నాను.

టీవీకీ డబ్బాకీ కలిపి ఉన్న ప్లగ్గు సోఫా వెనకాల ఉంది. ఆయన వెళ్ళి టీవీ పక్కన స్టూలు మీద, సామూకి కనపడేలా, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. కాళ్ళు కూడా వైరుకి దూరంగా చాపుకున్నాడు. చూడు, నేనేం చెయ్యట్లేదు అన్నట్టు. సామూ ఆయన వంక ఓసారి చూసి, నిశ్చింతగా ఆటలో పడ్డాడు. నేను సోఫా వెనక్కి పాకాను. తెర మీద రాక్షసుడికి ప్రాణం ఇంకో గీతంత మిగిలి ఉంది. సామూ సోఫా మీద ఎగిరెగిరి పడుతున్నాడు. ఆయన నా వైపు చూడకుండానే తలూపాడు.

పీకేశాను. లేచి ఒక్క క్షణం అలాగే నిలబడ్డాను, ఎందుకో తెలీదు. తర్వాత ప్లగ్గు వదిలేసి వెనక గుమ్మంలోంచి వరండాలోకి జారుకున్నాను. లోపల ఏ చప్పుడూ లేదు. ఏడవలేదేమో, పాత్ర పోయిందేమో అని గోడకి చెవి ఆనించాను. నిజంగా అదే అనుకున్నాను. అప్పుడు మొదలైంది ఏడుపు. అంతకు ముందు వాడెప్పుడూ అలా ఏడవలేదు.

“వైరు నా కాలికి తగిలిందిరా నాన్నా, తప్పు నాదే, నాదే” అంటూ ఆయన వాణ్ణి ఎత్తుకుని లోపలికి పరిగెత్తాడు. నేను సౌండ్ ఇంజనీరు గదిలో అద్దం వెనక నిలబడి చూశాను. తెర మీద పిల్లాడు ‘అమ్మా, లే అమ్మా’ అనాలి. సామూ వెక్కుతూ వెక్కుతూ ‘అక్కా’ అన్నాడు. అమ్మా అంటే పెదాలు కలవాలి, అక్కా అంటే కలవవు. తెర మీద పెదాలు మూసుకున్నాయి, వాడి నోరు తెరిచే ఉంది. ఇంజనీరు రీలు వెనక్కి తిప్పాడు. నన్నే పిలుస్తున్నాడు, నేను వెళ్ళి ఓదార్చాలని కాబోలనుకుని నాకూ ఏడుపొచ్చింది. రెండోసారి సరిగ్గా ‘అమ్మా’ అన్నాడు. అదే ఖాయమైంది. ఇంజనీరు కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన సామూ నోట్లో అతిమధురం ముక్క పెట్టబోతే వాడు మూతి తిప్పుకున్నాడు.

ఆ పై ఆదివారం సామూ రానన్నాడు. అమ్మ బతిమాలింది, తిట్టింది, ఒకటి తగిలించింది కూడా. రానంటే రాననే. మళ్ళీ ఎప్పుడూ ఆ థియేటరు గడప తొక్కలేదు. వీడియో గేమ్ కూడా ముట్టుకోలేదు. మోతీనగర్‌లో ఒక స్కూల్లో లెక్కలు చెప్తాడిప్పుడు. నాకు ఏ అవసరమొచ్చినా ముందు వచ్చేది వాడే. కానీ ఆ రోజు మాట ఒక్కసారైనా ఎత్తలేదు. ఆయన కాలికి వైరు తగిలిందనే వాడి నమ్మకం అనుకున్నాను. ఆ నమ్మకం చెదరకుండా చూసుకోవడమే ముప్ఫై ఏళ్ళుగా నా పని.

హీరోయిన్ చిన్నప్పటి గొంతు నాకే వచ్చింది. ఆ తర్వాత పెద్దయ్యాక హీరోయిన్లకీ ఇచ్చాను. అన్నీ ఆయన చేతి కిందే. ఎప్పుడైనా నేను ఎదురు చెప్తే, తెర మీద పేరు వెయ్యమని అడిగితే, ‘ఆ పసిదాన్ని అలా ఏడిపించకండి సార్’ అంటే, ఆయన కోప్పడేవాడు కాదు. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తియ్యగా, “తమ్ముడు బాగున్నాడా అమ్మా?” అని అడిగేవాడు. అంతే. నా నోరు మూతపడిపోయేది. చూసేవాళ్ళకి, అబ్బ, ఎంత ఆప్యాయత! పెళ్ళిళ్ళలో అడిగాడు, రికార్డింగుల్లో అడిగాడు, ఓసారి జూబ్లీహిల్స్‌లో పెద్దమ్మ గుడి ముందు ట్రాఫిక్‌లో కారు అద్దం దించి మరీ అడిగాడు. నేనూ నవ్వుతూ, “బాగున్నాడండీ” అనేదాన్ని. ఆ ఒక్క ప్రశ్నతో నన్ను ముప్ఫై ఏళ్ళు కట్టేశాడు.

ప్లగ్గు పీకింది ఎవరో తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఇప్పుడు నేనొక్కదాన్నే. ఆ పొద్దున కాఫీ బాగుండడానికి కారణం అదీ. నోరు మూసుకుని కూర్చుంటే సామూకి ఇక ఎప్పటికీ తెలీదు. అయితే అడిగేవాడు పోయాక, చెప్పకుండా దాచింది ఆయనకి భయపడి అనే సాకు కూడా పోయింది. రెండు రోజులు అదే ఆలోచన.

సంతాప సభ ఫిలింనగర్‌లో ఒక హాల్లో పెట్టారు. పెట్టింది యాదగిరి. వాడిప్పుడు మామూలు వాడు కాదు, తెలంగాణ మాటకి గిరాకీ పెరిగాక విలన్ల దగ్గర్నుంచి హీరో తండ్రుల దాకా వాడి గొంతే.

“అక్కా, నువ్వు నాలుగు ముక్కలు మాట్లాడాలె. జర జల్ది రా” అని ఫోన్ చేశాడు.

“యాదగిరీ, నిన్ను ఆ నల్ల డబ్బా ముట్టుకోనిచ్చాడా ఎప్పుడైనా?”

“ఇయ్యలే. గందుకే గదనే కసితోని నేర్చుకున్న. గాయన గట్ల అనకపోతే నేను గీడిదాంక వస్తుంటినా?”

నాకు ఒళ్ళు మండింది. గొంతు నొక్కినవాడికే గొంతు ఇచ్చాడని పేరు! అంతకంటే ఆశ్చర్యం, సామూ ఫోన్ చేసి, “నువ్వెళ్తున్నావా? నేనూ వస్తాను” అన్నాడు. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు.

వేదిక మీద ఆయన ఫోటో. దానికి అటూ ఇటూ ఎర్ర డబ్బా, నల్ల డబ్బా, గాజు పెట్టెల్లో. ఎవరెవరో వాటి పక్కన నిలబడి ఫోటోలు తీయించుకుంటున్నారు. ఒకావిడ నల్ల డబ్బాకి దణ్ణం కూడా పెట్టింది. ఒక్కొక్కరు లేచి, మమ్మల్ని ఏడిపించాడు, అందుకే ఇంతవాళ్ళమయ్యాం అని మాట్లాడారు. తర్వాత దీపాలార్పి తెర మీద ఆయన గొప్పతనానికి గుర్తుగా ఒక సీను వేశారు. శవం పక్కన పిల్లాడు, ‘అమ్మా, లే అమ్మా.’ సామూ గొంతు. హాలంతా చప్పట్లు.

“గురువుగారి మాయ!” అన్నాడు యాదగిరి మైకులో. ఆ గొంతు ఎవరిదో ఎవరూ అడగలేదు. సామూ నా పక్కనే చేతులు కట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

నన్ను పిలిచారు. వెళ్ళాను. “ఆయన పిల్లల్ని ఏడిపించేవాడు” అన్నాను. హాలు హాయిగా నవ్వింది. “నవ్వకండి. ఆయన చెడ్డవాడు” అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు, ముద్దుగా తిడుతున్నాననుకున్నారు. ఎవరో ఈల కూడా వేశారు. ఇన్ని పాత్రలకి గొంతిచ్చిన నాకు, నా సొంత మాట ఒకటి నమ్మించడం చేతకాలేదు. దిగి బయటికి వచ్చేశాను. సామూ వెనకే వచ్చాడు.

వచ్చేటప్పుడు కారుని కింద రోడ్డు వారగా ఆపాం. ఇద్దరం వాలులో దిగుతున్నాం. ఎండ చుర్రుమంటోంది. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేను.

“సామూ, ఆ రోజు వైరు ఆయన కాలికి తగల్లేదు. నేనే పీకాను. పాత్ర ఇస్తానన్నాడు, పీకేశాను.”

వాడు జేబులో కారు తాళం వెతుక్కుంటున్నాడు. చెయ్యి ఆగలేదు.

“తెలుసు” అన్నాడు.

“ఎవరు చెప్పారు? ఆయనా?”

“ఎవరూ చెప్పలేదు. టీవీ ఆరిపోతే ఆ అద్దంలో గదంతా కనపడుతుంది కదక్కా. నువ్వు నా వెనకాలే నిలబడి ఉన్నావు. ప్లగ్గు నీ చేతిలోనే ఉంది.”

వాడు నాలుగడుగులు వేసి, నేను రావడం లేదని చూసి, వెనక్కి తిరిగాడు.

“అప్పుడే నన్ను అడగొచ్చుగా! తిట్టొచ్చుగా! ఇన్నేళ్ళూ ఒక్క మాటైనా అనలేదేంరా?”

“నువ్వే చెప్తావని చూశాను. ఆ రాత్రి అన్నం దగ్గర చెప్తావనుకున్నా. తర్వాత క్రిస్మస్‌కి. నీ పెళ్ళిలో నన్ను పట్టుకుని ఏడ్చావు చూడు, అప్పుడు కచ్చితంగా అనుకున్నా. అమ్మ పోయినప్పుడు కూడా అనుకున్నా.” వాడి గొంతులో కోపం లేదు, పిల్లలకి లెక్క చెప్పేటప్పుడు ఉండే గొంతు అది. “ఆయన పోతే గానీ చెప్పలేకపోయావా అక్కా?”

లేదురా, అది కాదురా అనాలని నోరు తెరిచాను. వాడు కాసేపు చూశాడు. తర్వాత వెళ్ళి కారెక్కి, లోపల్నుంచి చెయ్యి చాపి నా వైపు తలుపు తెరిచి పట్టుకున్నాడు.